కాగిన నీళ్లు

1943 మొదట్లో సంగతి. యుద్ధం జరుగుతున్న రోజులు. కడపలో ఒక లేడీ డాక్టరు నడిపే నర్సింగ్ హోంలో నేను సిస్టర్‌గా పనిచేసేదాన్ని. నర్సింగ్ హోం అనగానే ఇప్పటివాటిని ఊహించుకోకండి. నాపరాళ్లు పరిచిన ఒక పాత మిద్దె. ముందు వసారాలో డాక్టరమ్మ గది, లోపల పొడుగాటి హాల్లో ఎనిమిది ఇనుప మంచాలు, వెనక పెరడు, పెరట్లో బావి, ఓ వంటపాక. వచ్చేవన్నీ దాదాపు కాన్పులే. ఉన్న ఇద్దరు నర్సుల్లో ఒకామె మిలిటరీ ఆసుపత్రిలో చేరిపోయింది. మిగిలింది నేనొక్కదాన్ని.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మా నాయన వారమంతా నాపరాళ్ల గనిలో రాయి కొట్టేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. మిషన్ వాళ్లు నన్ను కోస్తాకు పంపి నర్సింగ్ చదివించారు. చదువూ, తర్వాత ఉద్యోగమూ కలిపి ఎనిమిదేళ్లు అక్కడే గడిచిపోయాయి. తిరిగొచ్చేసరికి నా మాట మారిపోయింది. "ఏందే, సర్కారోళ్ల మాదిరి మాట్లాడతాండావు" అని మా అమ్మ ఎగతాళి చేసేది; కోస్తా జిల్లాలను మా వైపు సర్కారు అంటారు. పైకి విసుక్కునేదాన్ని గానీ లోలోపల మురిసిపోయేదాన్ని. డాక్టరమ్మదీ కోస్తాయే. ఆమె, నేను మాట్లాడుకుంటుంటే రోగుల తాలూకు వాళ్లు నన్నూ అటుదాన్నే అనుకునేవాళ్లు. అలా అనుకుంటే నాకు సంతోషంగా ఉండేది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

మా ఆయా పేరు ఓబులమ్మ. యాభై దాటిన మనిషి, భర్త లేడు. ఊడవడం, బట్టలు ఉతకడం, పొయ్యి చూసుకోవడం అన్నీ ఆమెవే. అన్నిటికన్నా ఆమెకు పేరు తెచ్చింది పసిపిల్లలకు నీళ్లు పోయడం. కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని ఆమె నీళ్లు పోస్తుంటే, ఏడ్చే బిడ్డ కూడా నోరు మూసుకునేది. ఓబులమ్మ చేతి నీళ్లు కావాలని ఇళ్లకు వెళ్లాక కూడా కబురు పంపేవాళ్లు ఉండేవారు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. నేను ఒక మాటంటే ఆమె రెండనేది.

ఇక అసలు విషయానికి రావాలంటే మా వృత్తిలో ఒక వస్తువు గురించి చెప్పాలి. కాన్పు కష్టమైనప్పుడు కొందరు ఆడవాళ్లకు ఒకటి రెండు రోజులు మూత్రం రాదు. పొత్తికడుపు బిగుసుకుపోయి విలవిల్లాడతారు. అప్పుడు సన్నటి రబ్బరు గొట్టం లోపలికి పంపి మూత్రం తీస్తాం. దాన్ని కెథీటర్ అంటారు. మామూలు రోజుల్లో మా దగ్గర ఆరు ఉండేవి. మలయా జపాన్ చేతికి పోయాక రబ్బరు సామాను రావడం ఆగిపోయింది. ఒక్కొక్కటే పగిలి, జిగురుపట్టి, చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. ఎనిమిది మంచాలకు ఒకటే కెథీటర్.

ఒకరికి వాడింది ఇంకొకరికి వాడడం తప్పు కాదు, మధ్యలో అది నీళ్లలో పది నిమిషాలు మరగాలి. అందుకు స్టెరిలైజర్ ఉండేది. అంటే మూత ఉన్న ఒక రాగి పెట్టె, కింద స్పిరిట్ దీపం. అది వార్డులో నా బల్ల మీదే ఉండేది. బుడగలు రావడం చూసి, గడియారం చూసుకుని, పటకారుతో తీసేదాన్ని. యుద్ధంలో స్పిరిట్ కూడా కరువైంది. దీపం వెలిగించే దారి లేక, రాగి పెట్టె వంటపాకలోకి, ఓబులమ్మ పొయ్యి మీదికి చేరింది.

ఆ రోజు ఆమెకు నేను చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. ఈ సామాను నీళ్లలో వేసి బాగా కాచి తీసుకురా, కాచకుండా ఏదీ వార్డులోకి రాకూడదు, ఈ రబ్బరుది ఒక్కటే ఉంది, పాడైతే మళ్లీ దొరకదు, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకో అన్నాను. ఓబులమ్మ పెట్టె చంకన పెట్టుకుని, "కాంచకొస్తాలేమ్మా, ఇదేమన్నా బ్రహ్మవిద్యా" అంటూ వెళ్లింది.

మొదటి జ్వరం ఒక బడిపంతులు గారి భార్యకు వచ్చింది. కాన్పయిన నాలుగో నాడు పళ్లు కొట్టుకునేంత చలి, ఆపైన మంటలాంటి జ్వరం. కడపలో చలిజ్వరం ఇంటింటికీ చుట్టమే కాబట్టి క్వినైన్ ఇచ్చాం. పదిరోజులు సతాయించి తగ్గింది. క్వినైన్‌తోనే తగ్గిందో, దానంతటదే తగ్గిందో అప్పుడు ఆలోచించలేదు. తగ్గింది కదా అనుకున్నాం.

రెండో మనిషి లక్షుమ్మ, కమలాపురం దగ్గర రైతుల కోడలు. తొలికాన్పు. ఆడపిల్ల పుట్టింది. ఆమెకూ నాలుగో నాడే చలి పట్టుకుంది. క్వినైన్ ఇచ్చినా జ్వరం లొంగలేదు. పైగా నడుము పక్కన పోటు, మూత్రం పోస్తే మంట. చలిజ్వరానికి ఆ మంట ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆమె పడుకున్నది నాలుగో నంబరు మంచం. పంతులు గారి భార్యదీ ఆ మంచమే. లక్షుమ్మ అత్తకు ఆ సంగతి ఎవరు చేరవేశారో గానీ, ఆ మంచం మీద ఏదో ఉండాదని పట్టుబట్టి, డాక్టరమ్మ వద్దంటున్నా కోడల్నీ బిడ్డనూ బండెక్కించుకుని వెళ్లిపోయింది. బండి కదులుతుంటే లక్షుమ్మ బొంతలోంచి నా వైపు చూసింది. ఏమైనా చెబుతుందేమోనని దగ్గరికి వెళ్లాను. బిడ్డ మీదికి బొంత లాక్కుంది.

ఆ తర్వాత మేము చేసిన పనులు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నవ్వినందుకు మళ్లీ బాధేస్తుంది. బావిలో మందు చల్లించాం. పాలు పోసేవాణ్ని మార్చాం. గోడలకు సున్నం కొట్టించాం, నేల ఫినాయిలుతో కడిగించాం. డాక్టరమ్మ కిటికీలకు దోమతెర గుడ్డ కట్టించింది. నేను మాత్రం ఎవరూ చూడకుండా నాలుగో నంబరు మంచాన్ని పెరట్లో కట్టెల కొట్టంలోకి లాగించాను. దిష్టి, గాలి, ధూళి ఏవీ లేవని బైబిలు పట్టుకుని చెప్పే కుటుంబంలో పుట్టినదాన్ని. అయినా లాగించాను. ఓబులమ్మ చూసి, "మంచి పని జేస్తివమ్మా" అంది. ఆమె మెచ్చుకున్నందుకు ఇంకా చిరాకేసింది.

ఒక మధ్యాహ్నం ట్రీట్‌మెంట్ బుక్ ముందేసుకుని కూర్చున్నాను. ఏ రోగికి ఏ పూట ఏం చేశామో రాసే పుస్తకం అది. జ్వరం వచ్చిన ఇద్దరికీ కెథీటర్ వేశామని కనబడింది. దానంతట అదే మూత్రం వచ్చినవాళ్లకు ఎవరికీ జ్వరం లేదు. అయితే గొట్టమేనా? ఒక్క క్షణం దారి దొరికినట్టే అనిపించింది. మరు క్షణంలో మళ్లీ మూసుకుపోయింది. రథసప్తమి రోజు ఇంకొకామెకు అదే గొట్టం రెండుసార్లు వేశాను. ఆమె తెల్లారి లేచి వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ కూర్చుంది. గొట్టంలో దోషముంటే ఆమెకెందుకు రాలేదు?

ఇంకా తవ్వితే రథసప్తమి నాడు ఓబులమ్మ దేవుని కడప తేరు చూడటానికి వెళ్లిందని గుర్తొచ్చింది. ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని సామాను కాచింది నేనే. అంటే తప్పు ఓబులమ్మ దగ్గరుందన్నమాట. ఏం తప్పు? మర్నాటి నుంచీ ఆమె మీద కన్నేశాను. పెట్టె తోమి తళతళలాడుతుండేది. మూత గట్టిగా పెట్టి తెచ్చేది. మూత తీస్తే చలికాలపు గాలిలో ఆవిరి లేచేది. ముట్టుకుంటే వేడిగా ఉండేది. "కాచావా ఓబులమ్మా" అని అడిగితే, "కాంచినానమ్మా" అనేది. మరోసారి అడిగితే మూతి ముడుచుకుని, "ఎన్ని తూర్లు అడుగుతావమ్మా, కాంచకుండ ఎప్పుడన్నా తెస్తినా" అనేది. అబద్ధమాడే ముఖం కాదు. నాకు మతిపోయినట్టయింది.

ఆ అయోమయంలో ఉండగానే చౌడమ్మ వచ్చింది. మాధవరం నేతవాళ్ల ఇంటి పిల్ల. అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. ఈసారి బిడ్డ అడ్డం తిరిగితే బండిలో తీసుకొచ్చారు. డాక్టరమ్మ రెండు గంటలు కష్టపడి తల్లినీ మగబిడ్డనూ దక్కించింది. చౌడమ్మ పడుకున్నది రెండో నంబరు మంచం. కాన్పులో అంత నలిగిన మనిషికి మూత్రం తనంతట ఎలా వస్తుంది? రెండు రోజుల్లో ఐదుసార్లు గొట్టం వేయాల్సి వచ్చింది. వేసిన ప్రతిసారీ, "కాచావా" అని అడిగాను. ప్రతిసారీ "కాంచినా" అనే జవాబే వచ్చింది.

మూడో నాటి మధ్యాహ్నమే మంచం గడగడలాడింది. నాలుగు దుప్పట్లు కప్పినా చలి ఆగలేదు. ఆపైన జ్వరం నూట ఐదుకు ఎక్కింది. మూత్రం పరీక్షకు గాజు గొట్టంలో పోసి చూస్తే బియ్యం కడిగిన కలి నీళ్లలా మడ్డిగా ఉంది. మంచం మారినా జ్వరం వచ్చింది, సున్నం కొట్టినా వచ్చింది. డాక్టరమ్మ బీరువాలో సల్ఫా మాత్రలు కొద్దిగా మిగిలి ఉన్నాయి. అప్పట్లో మాకు అంతకు మించిన మందు లేదు. అవి మొదలుపెట్టి, మిగతావాటికోసం మద్రాసుకు మనిషిని పంపింది.

చౌడమ్మ భర్త వసారాలో గోడకానుకుని కూర్చునేవాడు. సన్నటి మనిషి. చేతులు ఊరికే ఉండేవి కావు, పంచె అంచులోంచి పోగు లాగి వేళ్ల మధ్య పురి పెడుతుండేవాడు, తెగిన దారం అతుకుతున్నట్టు. నేను బయటికొచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఆ సాయంత్రం మాత్రం లేవలేదు. కూర్చునే అడిగాడు.

"సిస్టరమ్మా, బిడ్డ లేకున్నా పర్వాల్యా అనుకోని పిల్చుకొస్తి. ఇప్పుడు బిడ్డ ఉండాడు. వాని తల్లి ఉంటాదా?"

మందు ఇస్తున్నామని చెప్పాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. లోపలికొచ్చి డాక్టరమ్మతో నా అనుమానమంతా చెప్పేశాను. ఓబులమ్మ లేని రోజున గొట్టం వేసిన మనిషి బాగుందని, ఉన్న రోజుల్లో వేసినవాళ్లే పడుతున్నారని. డాక్టరమ్మ కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, ఈ నెలతో ఆమెను మాన్పించెయ్ అంది. తప్పేమిటో తెలియకుండానే మాన్పించడమా అని నాకు అనిపించింది. కానీ తెలిసేదాకా ఆగితే చౌడమ్మ తర్వాత ఇంకెవరు? సరే అన్నాను. ఆ మాట ఓబులమ్మకు చెప్పడం మర్నాటికి వాయిదా వేశాను.

మర్నాడు పొద్దున పెరటి గుమ్మంలో నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఓబులమ్మ ఎండలో నాపరాతి మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్ల మీద చౌడమ్మ బిడ్డ. పక్కన పొయ్యి మీంచి అప్పుడే దించిన సత్తు గంగాళం, సన్నగా ఆవిరి లేస్తోంది. ఓబులమ్మ మోచేతిదాకా చెయ్యి ముంచి, నీళ్లను గిర్రున తిప్పి, "కాగినాయిలే నాయనా, పోసుకుందాం రా" అని చెంబు ముంచి బిడ్డ వీపు మీద పోసింది.

ఒక అడుగు ముందుకేశాను. నాలుగు రోజుల బిడ్డ మీద కాగిన నీళ్లు పోసింది. బిడ్డ హాయిగా కాలు జాడించాడు.

"ఓబులమ్మా, ఆ నీళ్లు ఏమన్నావు?"

"కాగినాయంటి. ఏమి, సలవుండాయా? చెయ్యి పెట్టి సూడు."

వెళ్లి చెయ్యి పెట్టాను. హాయిగా, గోరువెచ్చకు కాస్త పైన ఉన్నాయి. చెయ్యి తీయకుండానే, సామాను పెట్టెలో నీళ్లు కూడా ఇలాగే కాంచుతావా అని అడిగాను. ఇట్లనే అంది. కాగినాయో లేదో ఎలా చూస్తావంటే, ఆ మాత్రం తెలియదా అన్నట్టు చెయ్యెత్తి చూపించింది. ఊడ్చే చెయ్యి, బాలింతల గుడ్డలు పిండే చెయ్యి, ప్రతిసారీ ఆ పెట్టెలో మునిగింది. రబ్బరు గొట్టాన్ని బిడ్డకు పోసినట్టే అటూ ఇటూ తిప్పి నీళ్లు పోసి తెచ్చింది.

"మరి నీళ్లు తెర్లలేదా?"

ఎన్నేళ్లయిందో ఆ మాట నా నోటికి వచ్చి. మా అమ్మ మాట. బుడగలు లేచి గుబగుబమంటే మా ఇంట్లో నీళ్లు తెర్లుతాండాయి అంటారు, ఎసరు తెర్లిందంటేనే బియ్యం వేస్తారు. కాగడమంటే ఒంటికి పోసుకునేంత వేడెక్కడం. పాలు కాంచితే పొంగుతాయి నిజమే, కానీ నీళ్లు కాంచడమంటే స్నానానికి కాంచడమే. ఈ తేడా కోస్తాకు పోకముందు నాకు పుట్టుకతో తెలుసు. అక్కడ అందరికీ 'కాచిన నీళ్లు' అంటే మరిగించినవని అర్థం. నేనూ అదే నేర్చుకుని, ఇదెక్కడో పారేసుకొచ్చాను.

ఓబులమ్మ బిడ్డను గుడ్డలో చుడుతూ నా వైపు వింతగా చూసింది. "తెర్లేదానికి అదేమన్నా ఎసరా? నువ్వు కాంచమంటివి, నేను కాంచితి. రబ్బరుది ఒకటే ఉండాది, బిడ్డను సూసుకున్నట్ల సూసుకోమంటివి. బిడ్డను తెర్లే నీళ్లలో యేస్తారామ్మా?"

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. బావి వెతికాం, పాలు వెతికాం, దోమల్ని వెతికాం, మంచాన్ని కొట్టంలో పెట్టాం. వంటపాక నా బల్లకు ఇరవై అడుగులు. ఐదు వారాల్లో ఒక్కసారైనా, ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడు వెళ్లి నిలబడలేదు. అడిగాను, అంతే. అడిగి, నాకు కావలసిన జవాబు విని వచ్చేశాను.

డాక్టరమ్మకు చెప్పినప్పుడు కోప్పడుతుందనుకున్నాను. ఆమె నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. ఇంతకీ నువ్వేమన్నావు, ఆమె ఏం విన్నది అని రెండుసార్లు చెప్పించుకుంది. కాచడం వేరు, కాగడం వేరు, తెర్లడం వేరు అని నేను చెబుతుంటే, ఆమెకు పట్టుబడలేదు. చివరికి, సరే, ట్రీట్‌మెంట్ బుక్‌లో ఇది ఎలా రాస్తావు అని అడిగింది. నేను 'నీళ్లు తెర్లలేదు' అని రాశాను. ఆ పుస్తకంలో నేను మా అమ్మ మాట రాయడం అదే మొదలు. ఓబులమ్మను మాన్పించే మాట మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.

చౌడమ్మకు అప్పటికీ గొట్టం లేకుండా కుదరడం లేదు. ఇప్పుడు నీళ్లు గుబగుబమని తెర్లుతుంటే, ఓబులమ్మ పెరట్లోంచే, "అమ్మా, తెర్లుతాండాయి, వచ్చి సూడు" అని కేకేసేది. నేను వెళ్లి, నిలబడి, గడియారం చూసి, పటకారుతో తీసేదాన్ని. ప్రతిసారీ రబ్బరు ఇంకాస్త మెత్తబడి జిగురు పడుతోంది. అది తెగితే ఏం చేయాలో మాకు తెలియదు. మూడో రోజున తనంతట మూత్రం వచ్చిందని చౌడమ్మ చెప్పింది. ఆ మాట వినగానే నేను వెళ్లి ఎవరూ లేని స్నానాలగదిలో ఏడ్చాను. ఆరో రోజుకు జ్వరం దిగింది. ఆమె భర్త బిడ్డను ఒడిలో పెట్టుకుని, వేళ్లతో పోగు లాగడం మానేసి కూర్చున్నాడు.

దిగింది సరే, దేంతో దిగింది? డాక్టరమ్మ సల్ఫా మాత్రలంది. చౌడమ్మ తల్లి, చౌడేశ్వరికి మొక్కుకున్నామంది. నేను తెర్లిన నీళ్లన్నాను. పంతులు గారి భార్యది నిజంగా చలిజ్వరమేనేమో, ఎవరు చెప్పగలరు? రక్తం పరీక్ష చేయలేదు. రథసప్తమి నాటి ఆమె, మామూలు నీళ్లతో వేసినా బాగుండేదేమో. ఇన్నేళ్ల తర్వాత కూడా లెక్కలేసుకుంటాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

నా ఉద్యోగంలో మిగిలిన పాతికేళ్లూ ఈ కేసు నేర్పిన పనే చేశాను. కొత్త ఆయా వస్తే, "చేశావా" అని అడిగేదాన్ని కాదు. "చేసి చూపించు" అనేదాన్ని. మీ ఊళ్లో ఎసరు పెట్టి, బియ్యం వేసేముందు నీళ్లేమవుతాయంటారు అని అడిగి, ఆమె ఏ మాట చెబితే ఆ మాటే వాడుకునేదాన్ని. ఎవరి చేతి నుంచి సామాను తీసుకున్నా, ఆ సామాను వచ్చిన పొయ్యిదాకా ఒకసారి నడిచేదాన్ని. చాదస్తమని నా వెనక నవ్వుకున్న కుర్ర నర్సులు చాలామందే ఉన్నారు. నవ్వుకోనిచ్చాను.

ఇక్కడ ఆపేస్తే పాఠం చక్కగా ఉంటుంది, కానీ ఒక మనిషి మిగిలిపోతుంది.

చౌడమ్మ బిడ్డతో ఇంటికి వెళ్లిపోయిన రోజున ఓబులమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. జ్వరం ఆ నీళ్లతోనే వచ్చి ఉంటుందని నేను చెప్పిన దగ్గర్నుంచీ పిల్లలకు నీళ్లు పోయడం మానేసింది. ఎవరైనా పిలిస్తే చేతులు బాగలేవని తప్పించుకునేది.

"కమలాపురమామె ఎట్లుండాదమ్మా?"

నాకు తెలియదన్నాను. తెలుసుకోవాలనే ధైర్యం లేక తెలుసుకోలేదని మాత్రం అనలేదు. ఆదివారం ప్రార్థన కాగానే ఇద్దరం పెట్రోలు కరువులో బొగ్గులతో నడిపే బస్సెక్కి కమలాపురం వెళ్లి, అక్కడినుంచి వాళ్ల ఊరికి నడిచాం. దారంతా నేనే ఏదో ఒకటి మాట్లాడుతూ పోయాను.

లక్షుమ్మ అత్త వాకిట్లో జొన్నలు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టి మంచమేసింది. కోడలు పోయి పదైదు దినాలాయ అంది, ఎవరికో చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో. మజ్జిగ తెచ్చిచ్చి, నన్ను ఓదార్చింది కూడా.

"మీరేం జేస్తారులేమ్మా. ఆ నాలుగో మంచమే ఎత్తకపాయ."

నేను మజ్జిగ చేతిలో పట్టుకుని ఉండిపోయాను. మంచం కాదని చెప్పాలి. చెబితే ఈ ముసలామె కొత్తగా ఏం మోయాలి? చెప్పకపోతే నేనేమవుతాను? పైగా గట్టిగా తెలిసి చెప్పేది కూడా కాదు. ఆమె ఇచ్చిన ఆ మాట వెనకే నక్కి కూర్చోవాలని నాకనిపించింది. నిజం చెబుతున్నాను, అలాగే కూర్చున్నాను.

ఓబులమ్మ కింద కూర్చుని ఉంది. తలెత్తకుండా అంది.

"మంచం గాదక్కా. నీళ్లు. తెర్లాల్సిన నీళ్లు నేను ఉత్తగ కాంచితి."

"ఆయమ్మది తప్పు ల్యా," అన్నాను. నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది. "నాకే చెప్పేకి రాలేదు."

ఆ ముసలామె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏ నీళ్లు, ఏం కాంచడం అని అడగలేదు. ఆమెకు అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి లోపలికి పోయింది. ఎవరినైనా పిలుస్తుందేమో, పొమ్మంటుందేమో అనుకున్నాను. ఓబులమ్మ లేచి నిలబడి కొంగు బిగించుకుంది, ఏమన్నా పడటానికి సిద్ధమన్నట్టు.

ముసలామె లోపలినుంచి లక్షుమ్మ బిడ్డనెత్తుకుని వచ్చింది. నెల దాటిన ఆడపిల్ల, నూనె పెట్టిన ఒళ్లు. ముసలామె కుడిచెయ్యి వణుకుతోంది. అది నేను నర్సింగ్ హోంలో గమనించనే లేదు.

"ఈ చేత్తో బిడ్డకు నీళ్లు పోయాలంటే నాకు బయమైతాది," అంది ఓబులమ్మతో. "పొయ్యి మీద కాగినాయి. పోసి పో."

ఓబులమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె బావి దగ్గరికి పోయి సీకాయతో మోచేతులదాకా రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చి, రాతి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. బిడ్డను పడుకోబెట్టుకుంది. నీళ్లలో చెయ్యి ముంచి తిప్పింది, కానీ చెంబు ముంచలేదు.

"నువ్వొకసారి సూడమ్మా," అంది.

నేను చేతులు కడుక్కుని వచ్చి గంగాళంలో చెయ్యి పెట్టాను.

"కాగినాయి," అన్నాను.